పడమటిల్లు, తూర్పు వసారా: దిక్కులు ఇంటి మాటల్లో ఉన్న రోజులు

పాత పెంకుటిళ్లలో గదులకు హాలు, బెడ్‌రూము అనే పేర్లు ఉండేవి కావు. పడమటిల్లు, తూర్పు వసారా, ఉత్తరపు పంచ, దక్షిణపు గది, అంతే. పడమటిల్లు అంటే ఇనప్పెట్టె, ట్రంకు పెట్టెలు, పరుపు చుట్టలు ఉండే లోగది. తూర్పు వసారాలో పొద్దున్నే ఎండ పడేది కాబట్టి ముసలివాళ్ల మంచం అక్కడ. "ఒరే, ఆ మంచం కాస్త ఉత్తరానికి జరపరా" అంటే పిల్లవాడు ఆలోచించకుండా జరిపేవాడు. "చింతపండు కుండ దక్షిణపు గోడ పక్కనుంది చూడవే" అంటే పిల్ల చీకట్లోనైనా తెచ్చేది. కుడి, ఎడమ అనేవి ఒంటికి సంబంధించిన మాటలే తప్ప ఇంటికి సంబంధించినవి కావు. గడియారం చూడటం రాని పిల్లలకు కూడా దిక్కులు వచ్చేవి.

ఆ దిక్కులకు ఒక వరస ఉండేది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ప్రదక్షిణ ఎటు చేస్తామో అటే. పాత భూమి దస్తావేజు ఏదైనా తీసి హద్దులు చదవండి, ఎక్కువ వాటిలో ఇదే వరస: తూర్పున ఫలానా వారి గట్టు, దక్షిణాన పుంత, పడమర బోదె, ఉత్తరాన చెరువు. తూర్పు చాళుక్యుల నాటి రాగి శాసనాల్లో దానమిచ్చిన ఊరికి హద్దులు చెప్పేటప్పుడు కూడా లెక్క తూర్పు నుంచే మొదలవుతుంది. కరణం గారి చేతిరాతకు, వెయ్యేళ్ల నాటి శాసనానికి ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

దేవుళ్లను పిలిచే వరస కూడా ఇదే. సత్యనారాయణ వ్రతం మండపంలో ముందు గణపతి, బ్రహ్మ, విష్ణువు, రుద్రుడు, గౌరి అని పంచలోకపాలకులు. తరవాత నవగ్రహాలు, ఒక్కో గ్రహానికి అధిదేవత, ప్రత్యధిదేవత కలిపితే ఇరవై ఏడు. ఆ తరవాత తూర్పున ఇంద్రుడితో మొదలుపెట్టి అగ్ని, యముడు, నిరృతి, వరుణుడు, వాయువు, కుబేరుడు, ఈశానుడు అని అష్టదిక్పాలకులు. మొత్తం 40 మందిని కూర్చోబెట్టాకే స్వామి దగ్గరికి వెళ్లేది. తమలపాకులు, వక్కలు లెక్కపెట్టి తెచ్చే ఇళ్లలో ఈ నలభై గుర్తుపెట్టుకునేవారు. అందాజుగా తెచ్చినవాళ్లకు చివర్లో కుబేరుడి దగ్గరికొచ్చేసరికి ఆకులు అయిపోయేవి.

నవగ్రహాల అమరిక చూస్తే దిక్కుల మీద పట్టు ఎంత గట్టిదో తెలుస్తుంది. నడుమ సూర్యుడు తూర్పు ముఖంగా. తూర్పున శుక్రుడు, ఆగ్నేయాన చంద్రుడు, దక్షిణాన కుజుడు, నైరుతిలో రాహువు, పడమర శని, వాయవ్యంలో కేతువు, ఉత్తరాన గురువు, ఈశాన్యంలో బుధుడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఇంట్లో ధాన్యంతో పేర్చేటప్పుడు ఈ చోట్లలోనే గోధుమలు నడుమ, బొబ్బర్లు తూర్పున, బియ్యం ఆగ్నేయాన, కందులు దక్షిణాన, మినుములు నైరుతిలో, నువ్వులు పడమర, ఉలవలు వాయవ్యంలో, శనగలు ఉత్తరాన, పెసలు ఈశాన్యంలో పోయాలి. తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. వారాల వరసలో ఆది, సోమ, మంగళ అంటూ పోసుకుంటూ వెళ్తారు. అలా పోస్తే చంద్రుడు తూర్పుకు వచ్చి కూర్చుంటాడు, మిగతావాళ్లందరి చోట్లూ తారుమారవుతాయి.

ఇక దక్షిణం. ఇవాళ దక్షిణం రోడ్డు స్థలం అంటే ధర తగ్గించి అడుగుతారు, దక్షిణం గుమ్మం అంటే మొహం చిట్లిస్తారు. పాత ఇళ్లలో దక్షిణం అంటే ఇంత భయం ఉండేది కాదు. దానికి దాని పని, దాని వేళ ఉండేవి. ధన త్రయోదశి సాయంత్రం ఇంటి బయట యమదీపం పెడితే వత్తి దక్షిణానికే ఉండాలి. మిగతా రోజుల్లో దేవుడి దగ్గర వత్తి తూర్పుకో ఉత్తరానికో. దేవకార్యంలో దర్భల కొసలు తూర్పుకు, పితృకార్యంలో దక్షిణానికి. తద్దినం రోజు విశ్వేదేవ స్థానంలో భోక్త (భోజనానికి పిలిచిన బ్రాహ్మణుడు) తూర్పు ముఖంగా, పితృ స్థానంలో భోక్త ఉత్తర ముఖంగా కూర్చుంటారు. అంటే తద్దినం పెట్టే కర్త, జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, దానంతట అదే దక్షిణానికి తిరిగి ఉంటాడు. పీటలు వేసేటప్పుడే ఇది చూసుకోకపోతే మధ్యలో లేపి మార్చాల్సి వస్తుంది, అది ఎవరికీ బాగుండదు. తల్లిదండ్రులు బతికున్నవాళ్లు దక్షిణానికి తిరిగి అన్నం తినకూడదు అనేవారు. మనుస్మృతిలో మాత్రం తూర్పుకు తిరిగి తింటే ఆయుష్షు, దక్షిణానికైతే కీర్తి, పడమరకైతే సంపద, ఉత్తరానికైతే సత్యం అని ఉంది. నాలుగింటిలో ఒక్కదాన్నీ చెడ్డదనలేదు.

శివాలయంలో చూడండి. తూర్పు ముఖంగా ఉన్న గుడికి దక్షిణపు గోడ గూట్లో ఉండేది దక్షిణామూర్తి, చదువులకు గురువు. యముడి దిక్కుకు ముఖం పెట్టి కూర్చుని మౌనంగా పాఠం చెప్పేది ఆయనే. అదే గుడిలో లింగం కింద ఉండే పానవట్టం కొస ఉత్తరానికి ఉంటుంది, అభిషేకం నీళ్లు ఉత్తరపు గోడలోంచి సోమసూత్రం ద్వారా బయటికి పోతాయి. ఇంట్లో చిన్న లింగం పెట్టుకున్నా పానవట్టం ఉత్తరానికి తిప్పమని అందుకే చెబుతారు. తోమడానికి తీసి మళ్లీ పెట్టేటప్పుడు చాలా ఇళ్లలో తప్పేది ఇక్కడే.

పడమటి ముఖపు దేవుళ్లకూ మన దగ్గర కొరత లేదు. సింహాచలం అప్పన్న పడమర చూస్తాడు, శ్రీకాళహస్తీశ్వరుడూ పడమరే. పడమటి గుమ్మం పనికిరాదనే వాళ్లు ఈ రెండు గుళ్లకూ వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తూనే ఉంటారు.

ఊరు దాటి చూస్తే శ్రీశైలం ఉంది. ఆ కొండకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మూలలకు ఉపద్వారాలు వేరే: ఈశాన్యాన ఏలేశ్వరం, ఆగ్నేయాన సోమశిల, నైరుతిలో పుష్పగిరి, వాయవ్యంలో సంగమేశ్వరం. మ్యాప్ ముందు పెట్టుకుంటే ప్రకాశం నుంచి నెల్లూరు, కడప, కర్నూలు మీదుగా పాలమూరు, నల్లగొండ దాకా నల్లమల చుట్టూ తిరిగినట్టే. కాలినడకన వెళ్లే రోజుల్లో ఏ ఊరివాళ్లు ఏ ద్వారం గుండా కొండెక్కాలో అడగాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు దోర్నాల బస్సో హైదరాబాద్ బస్సో ఎక్కేవాళ్లకు ద్వారం దాటామన్న ఊసే ఉండదు. ఏలేశ్వరం ఉన్న చోటు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది. సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయంలో ఏడాదిలో చాలా నెలలు మునిగి, నీళ్లు తగ్గిన ఎండాకాలంలో తేలుతుంది.

ఇది ఒక్క హిందువుల వ్యవహారం కాదు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కో వేదిక మీద ఐదేసి స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, బోధి, తొలి ప్రసంగం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులవి. ఏ దిక్కు నుంచి వచ్చినవాడికైనా మొత్తం జీవితం కనబడాలని నాలుగు చోట్లా అవే ఐదు. ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత ఇది, సాంచీలో ఇలాంటి ఆయక స్తంభాలు కనిపించవు. 1591లో కట్టిన చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకే తెరుచుకుంటాయి, పై అంతస్తులో మసీదు మాత్రం పడమటి వైపు. హైదరాబాద్ నుంచి మక్కా సూటిగా పడమర కాదు, 12, 13 డిగ్రీలు ఉత్తరానికి వాలి ఉంటుంది.

దిక్కు ఇంత ముఖ్యమైతే దాన్ని కచ్చితంగా కనుక్కునేది ఎలా? పొద్దు పొడిచిన వైపే తూర్పు అనుకుంటే తప్పులో కాలేసినట్టే. మన ప్రాంతంలో జూన్ మూడో వారంలో సూర్యుడు సరైన తూర్పుకు 24, 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు. డిసెంబర్‌లో అంతే దక్షిణంగా. సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి, సెప్టెంబర్ నెలల విషువుల (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల) దగ్గరే. అరసవల్లిలో మార్చి 9, 10 ప్రాంతంలోనూ అక్టోబర్ 1, 2 ప్రాంతంలోనూ కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే చోట, విషువద్రేఖకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. ఏడాదికి రెండుసార్లే ఎందుకన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది.

మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని చెప్పే మాటా పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 తేదీల చుట్టూ నడినెత్తిన సూర్యుడుంటే నీడ కాళ్ల కిందే ఉండిపోతుంది. ఆ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఆ నెలల్లో ఇంటి పునాదికి ముగ్గు పోసుకున్నవాడు నీడను నమ్మితే ఉత్తరం, దక్షిణం తారుమారే.

అందుకే శంకువు. శంకుస్థాపన అనగానే ఇప్పుడు కొబ్బరికాయ, ఐదు ఇటుకలు, ఫొటో గుర్తొస్తాయి. అసలు శంకువు దిక్కు తేల్చే మేకు. పన్నెండు అంగుళాలు, అంటే ఒక జాన పొడవు (ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు, ఇంచు కాదు). చండ్ర లాంటి గట్టి కర్ర, కొస సన్నగా చెక్కింది. నేల చదును చేసి, నీళ్లు పోసి ఎటూ పారకుండా ఉందో లేదో చూసి, నడుమ శంకువు నిలబెట్టాలి. గుండు దారం రెండు వైపుల నుంచీ పట్టి నిలువు సరిచూడాలి. శంకువు మొదలు కేంద్రంగా తాడుతో వృత్తం గీయాలి. పొద్దున పొడవుగా ఉన్న నీడ పొద్దెక్కేకొద్దీ కుంచించుకుపోతూ ఒక క్షణంలో దాని కొస వృత్తాన్ని తాకుతుంది, అక్కడ ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ సాగుతూ ఇంకో వైపు వృత్తాన్ని తాకుతుంది, అక్కడ రెండోది. రెండింటినీ కలిపిన గీత తూర్పు పడమరలు. పొద్దున పెట్టిన గుర్తే పడమర, సాయంత్రానిది తూర్పు. ఇది తలకిందులుగా రాసుకునేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. ఆ రెండు గుర్తుల నుంచి సమానమైన తాడుతో, వాటి మధ్య దూరంలో సగం కంటే ఎక్కువ పొడవు పెట్టి, రెండు చాపాలు గీస్తే నడుమ చేప ఆకారం వస్తుంది. చేప తలను, తోకను కలిపితే ఉత్తర దక్షిణాలు.

వృత్తం ఎంత పెద్దదన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. శంకువు పొడవే వ్యాసార్ధంగా పెట్టుకుంటే డిసెంబర్‌లో చిక్కు. అప్పుడు విజయవాడ ప్రాంతంలో మధ్యాహ్నపు నీడే పది అంగుళాలు, ఇక నీడ పన్నెండు అంగుళాల వృత్తాన్ని తాకేసరికి మధ్యాహ్నం దగ్గరపడుతుంది. ఆ వేళ నీడ పొడవు చాలా మెల్లగా మారుతుంది కాబట్టి ఎప్పుడు తాకిందో తేల్చలేం. మూరెడు, అంటే 24 అంగుళాల వ్యాసార్ధం పెడితే ఉదయం తొమ్మిదికి కాస్త ముందు, మధ్యాహ్నం మూడున్నరకు కాస్త ముందు నీడ చురుగ్గా వృత్తాన్ని దాటుతుంది. కొస మసకగా, అరంగుళం దాకా చెదిరి ఉంటుంది. చిక్కటి నీడ చివర పెడతారో, మసక చివర పెడతారో మీ ఇష్టం, రెండు పూటలా ఒకేలా పెట్టండి.

శంకువు ఉత్తరానికో దక్షిణానికో కాస్త ఒరిగితే గీత పెద్దగా చెడదు, రెండు పూటలా తప్పు సమానంగా పడి సరిపోతుంది. తూర్పుకో పడమరకో ఒరిగితే మాత్రం గీత పక్కకు పోతుంది. నేల వాలు సంగతీ అంతే. నీళ్లు తూర్పుకు పోవాలని స్థలానికి ముందే వాలు పెట్టి, ఆ తరవాత శంకువు నిలబెడితే కొలత తప్పినట్టే. విషువు రోజుల్లో ఇంకో చిన్న తేడా ఉంది. పొద్దుటికీ సాయంత్రానికీ సూర్యుడే కాస్త జరుగుతాడు, గీత డిగ్రీలో పదో వంతు దాకా తప్పుతుంది. ఇంటికి అది లెక్కలోది కాదు. గుళ్లు కట్టే స్థపతులు దాన్ని కూడా సవరించుకునేవారు. జూన్, డిసెంబర్ నెలల మూడో వారంలో ఆ తేడా ఉండదు. జూన్‌లో మబ్బులు కాబట్టి డిసెంబరే నయం.

గీత వచ్చాక వాస్తుమండలం, అంటే స్థలాన్ని గళ్లుగా విడదీసే పటం. 81 గళ్లు, నడుమ తొమ్మిది బ్రహ్మవి, వాస్తుపురుషుడి తల ఈశాన్యంలో, పాదాలు నైరుతిలో. పునాది తవ్వకం ఈశాన్యం నుంచి, కట్టుబడి నైరుతి నుంచి. నుయ్యి ఈశాన్యంలో, బరువులు నైరుతిలో, పొయ్యి ఆగ్నేయంలో, వండేవాళ్లు తూర్పు ముఖంగా. ఆగ్నేయంలో పొయ్యి పెడితే పొగ ఇంట్లోకి రాదని ఒక సమర్థన వినిపిస్తుంది. నైరుతి గాలి వీచే వానాకాలంలో అది నిజమే. కోస్తాలో ఎండాకాలం సాయంత్రం సముద్రపు గాలి మొదలైతే అది ఆగ్నేయం నుంచే కొడుతుంది, పొగంతా ఇంట్లోకే. ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దనడానికి రక్తంలో ఇనుము, భూమి అయస్కాంతం అనే వివరణ కూడా ఇలాంటిదే. రక్తంలో ఇనుము అయస్కాంతానికి మేకులా అతుక్కునేది కాదు. ముసలమ్మలు చెప్పిన కారణం వేరు: ఉత్తరానికి తల పెట్టి పడుకున్న ఏనుగు తలే వినాయకుడికి అతికారట. వినాయక వ్రతకథలో ఉన్నది గజాసురుడి తల, ఉత్తరం మాట అందులో లేదు, నోటి కథలోదే. నమ్మేవాళ్లకు ఆ కథ చాలు, దానికి సైన్సు తొడుగు అక్కర్లేదు.

అపార్ట్‌మెంటులో దేవుడి గూడు ఎటు వస్తే అటే. అలాంటి ఇళ్లకు ఆగమ, తంత్ర సంప్రదాయాల్లో ఒక వెసులుబాటు ముందునుంచే ఉంది: పూజించేవాడికీ దేవుడికీ నడుమ ఉన్నదే తూర్పు అనుకుని మిగతా దిక్కులు అక్కడి నుంచి లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు దిక్కు చూడాలంటే ఫోన్ తీస్తారు. ఫోన్‌లో దిక్సూచి చూపించేది, సెట్టింగ్ మార్చకపోతే, అయస్కాంతపు ఉత్తరం. తెలుగు రాష్ట్రాల్లో దానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ, బాధ లేదు. చెడగొట్టేది స్లాబు ఇనుము, కిటికీ గ్రిల్లు, పక్కన ఆపిన కారు, ఫోన్ కవరులో ఉన్న అయస్కాంతం. గుమ్మం మధ్య నిలబడి చూస్తే ఒక దిక్కు, నాలుగడుగులు బయటికి వస్తే ఇంకో దిక్కు చూపించి, మేస్త్రీకి, వాస్తు చెప్పేవారికి, ఇంటాయనకు మధ్య గొడవ పెడుతుంది. అమెరికా వెళ్లినవాళ్లకు అయస్కాంతపు తేడాయే పెద్దది. న్యూజెర్సీలో ముల్లు అసలు ఉత్తరానికి 12, 13 డిగ్రీలు పడమరకు చూపిస్తుంది, సియాటిల్‌లో సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. అక్కడ పొద్దు పొడిచే చోటు కూడా మన దగ్గరికంటే ఎక్కువ ఊగుతుంది, న్యూజెర్సీలో తూర్పుకు 31 డిగ్రీల దాకా అటూ ఇటూ.

శంకువు అక్కడా పనిచేస్తుంది. పగలు తీరిక లేనివాళ్లకు నవంబర్ రాత్రి ఒక దారి ఉంది. ఎనిమిది గంటల ప్రాంతంలో ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలం నడుముకున్న మూడు చుక్కలు తూర్పున పైకి వస్తాయి. వాటిలో ముందుగా పొడిచేది భూమి మీద ఎక్కడి నుంచి చూసినా దాదాపు సరిగ్గా తూర్పునే పొడుస్తుంది, సరిగ్గా పడమరే అస్తమిస్తుంది. చూడాల్సింది నేల అంచు దాటే వేళే. పైకెక్కేకొద్దీ అది దక్షిణానికి జారుతుంది. పది డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి ఏలూరులో మూడు డిగ్రీలు తప్పుతుంది, న్యూజెర్సీలో దాదాపు తొమ్మిది.